కబురు అందితేనే కణం కదిలేది: టీబీ నేర్పే ఇమ్యూనిటీ పాఠం

టీబీ సోకిందేమోనని అనుమానం వస్తే ముంజేతి లోపలి వైపు, చర్మం పొరలోకి సన్నటి సూదితో 0.1 మి.లీ. మందు ఎక్కించి, "రెండు రోజులాగి వచ్చి చూపించండి" అని పంపిస్తారు. మాంటూ పరీక్ష అంటే అదే. సూది గుచ్చిన చోట లేచిన చిన్న బుడిపె కాసేపటికే అణిగిపోతుంది. ఆ పూట అక్కడ చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. మర్నాటికి కొంచెం ఎర్రబడుతుంది. 48 నుంచి 72 గంటల మధ్య వేలితో తడిమితే చర్మం కింద గట్టిగా తగులుతుంది. పరీక్ష చూసేవాళ్లు ఎరుపును లెక్కలోకి తీసుకోరు. గట్టిదనం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో పెన్నుతో గీతలు పెట్టి, ఆ మధ్య దూరాన్ని స్కేలుతో కొలుస్తారు. మామూలుగా 10 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువుంటే పాజిటివ్ అంటారు.

ఎక్కించిన దాంట్లో బతికున్న క్రిమి ఒక్కటీ లేదు. టీబీ క్రిమి నుంచి తీసి శుద్ధి చేసిన ప్రొటీన్లే ఉన్నాయి. దోమ కుడితే నిమిషాల్లో దద్దురు లేస్తుంది కదా, మరి దీనికి రెండు రోజులెందుకు?

గతంలో టీబీ క్రిమిని చూసి గుర్తుపెట్టుకున్న టి-కణాలనే తెల్ల రక్తకణాలు ఒంట్లో తిరుగుతూ ఉంటాయి. వాటిలో కొన్ని ఆ చోటికి చేరాలి, ఆ ప్రొటీన్లను గుర్తుపట్టాలి, గుర్తుపట్టామని చుట్టుపక్కల కణాలకు కబురు పెట్టాలి. ఆ కబురుకి రక్తనాళాల గోడలు సడలాలి. మాక్రోఫేజ్‌లనే పెద్ద కణాలుగా మారే కణాలు రక్తంలోంచి బయటికొచ్చి అక్కడ గుమిగూడాలి. వేలికి గట్టిగా తగిలేది ఆ గుంపే. ఇది యాంటీబాడీల పని కాదని 1945లో మెరిల్ చేజ్ గినీ పందుల మీద నిరూపించాడు. ఈ స్పందన ఉన్న జంతువు నుంచి కణాలు తీసి, లేని జంతువుకి ఎక్కిస్తే దానికీ ఈ స్పందన వచ్చింది. కణాలు లేని, యాంటీబాడీలుండే రక్తద్రవం, అంటే సీరమ్ ఎక్కిస్తే రాలేదు.

ఆ కబురు మోసే పదార్థాలనే సైటోకైన్లు అంటారు. కరోనా రోజుల్లో "సైటోకైన్ స్టార్మ్" అన్న మాట వినని ఇల్లు లేదు. దాంతో సైటోకైన్ అంటేనే ప్రమాదం అన్న భయం పాతుకుపోయింది. ఇంకోపక్క ఇమ్యూనిటీ పెంచుతామంటూ పొడులు, కషాయాలు, మాత్రలు అమ్మకానికొచ్చాయి. ఒకటి ఎక్కువైతే చస్తామన్న టెన్షన్, ఇంకొకటి తక్కువైతే చస్తామన్న టెన్షన్. రెండింటి వెనకా ఉన్నది ఒకటే ఊహ: ఇమ్యూనిటీ అనేది ఒంట్లో కొంత మట్టం వరకు ఉండే ఏదో సరుకు, అది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది అని. ఈ ఊహ తప్పు. ఏ కణం ఏ కబురును ఎవరికి, ఎప్పుడు పంపింది, చాలు ఆపమని ఎప్పుడు చెప్పింది అన్న దాన్ని బట్టే మనిషి బతుకుతాడో లేదో తేలుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి టీబీని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. ప్రపంచంలోని టీబీ కేసుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి కాబట్టి ఇది మనకు దూరపు విషయం కూడా కాదు.

కబురు ఎలా పనిచేస్తుంది

మన రక్షణ వ్యవస్థలో రెండు అంచెలున్నాయి. మొదటిది పుట్టుకతో వచ్చే సహజ రక్షణ. మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్, డెండ్రైటిక్ కణాలు ఇందులోవి. ఇవి ఫలానా క్రిమి అని పేరుపెట్టి గుర్తించలేవు. బ్యాక్టీరియా గోడ, వైరస్ ఆర్‌ఎన్‌ఏ లాంటి సాధారణ ఆనవాళ్లను బట్టి "ఇది మనది కాదు" అని గంటల్లోనే కదులుతాయి. రెండోది క్రిమిని చూశాక తయారయ్యే ఆర్జిత రక్షణ. ఇక్కడ టి-కణాలు, బి-కణాలు ఉంటాయి. ప్రతి కణానికీ తనదైన గురి ఒకటుంటుంది. గురి కుదిరిన కణం లక్షల్లో ఏ ఒక్కటో ఉంటుంది. అది పెరిగి, సైన్యంగా మారడానికి రోజులు, వారాలు పడుతుంది. అయితే ఒకసారి నేర్చుకున్నది చాలాకాలం మర్చిపోదు.

ఈ రెండు అంచెల మధ్య వంతెన సైటోకైన్లు. ఇవి చిన్న ప్రొటీన్లు. అతి తక్కువ మోతాదులో, ఎక్కువగా పక్కనున్న కణాల మీదే పనిచేస్తాయి. చాలావరకు కొద్దిసేపట్లోనే కరిగిపోతాయి. వినే కణం పైన దానికి తగిన రిసెప్టర్, అంటే ఆ కబురును అందుకునే ప్రొటీన్ ఉంటేనే కబురు చేరినట్టు. అదే సైటోకైన్ ఒక కణానికి "పెరుగు" అని, ఇంకో కణానికి "చచ్చిపో" అని అర్థమవుతుంది. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ ఇంటర్‌ఫెరాన్‌ను కనుక్కున్నప్పుడు వైరస్‌ను అడ్డుకునే పదార్థం ఒకటి దొరికిందనే అనుకున్నారు. అప్పటి నుంచి డజన్ల కొద్దీ బయటపడ్డాయి. వాటి పేర్లు చూస్తే తల తిరుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో ముఖ్యంగా మూడింటి మీదే నిలబడతాను: ఐఎల్-12, ఇంటర్‌ఫెరాన్ గామా, టిఎన్ఎఫ్. (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్, టిఎన్ఎఫ్ అంటే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్.)

ఊపిరితిత్తిలోకి వచ్చిన క్రిమి

టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు గాల్లో తేలే అతిసూక్ష్మమైన తుంపర మన ఊపిరితిత్తుల చివరి గాలితిత్తి దాకా చేరుతుంది. అక్కడ కాపలా ఉన్న మాక్రోఫేజ్ దాన్ని మింగేస్తుంది. మామూలు బ్యాక్టీరియా అయితే కథ అక్కడితో అయిపోయేది: మింగిన సంచి యాసిడ్, ఎంజైమ్‌లు ఉన్న ఇంకో సంచితో కలిసి, లోపలున్నది అరిగిపోయేది. టీబీ క్రిమి ఆ రెండు సంచులు కలవకుండా అడ్డుపడుతుంది. తనను చంపాల్సిన కణంలోనే కాపురం పెట్టి, సుమారు 20 గంటలకొకసారి రెండింతలవుతూ నెమ్మదిగా పెరుగుతుంది. పేగుల్లో ఉండే ఈ-కోలై అదే పని అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాల్లో చేస్తుంది.

మాక్రోఫేజ్ దాన్ని చంపలేకపోయినా ఊరికే ఉండదు. టిఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 విడుదల చేస్తుంది. ఇవి రక్తంలోకి చేరితే వాటి ప్రభావం ఒళ్లంతా కనిపిస్తుంది. మెదడులో ఉష్ణోగ్రతను నియంత్రించే చోట ప్రోస్టాగ్లాండిన్ తయారై జ్వరం వస్తుంది. పారాసెటమాల్ తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్‌నే. క్రిమి జోలికి అది పోదు. ఐఎల్-6 కాలేయానికి చేరితే సీఆర్పీ అనే ప్రొటీన్ తయారవుతుంది. డాక్టర్ రాసే సీఆర్పీ పరీక్ష ఆ కబురు జాడను పట్టుకోవడానికే. ఆకలి చచ్చిపోవడం, కండ కరిగి మనిషి సగమైపోవడంలో టిఎన్ఎఫ్ పాత్ర పెద్దది. జంతువుల్లో ఇలా ఒళ్లు కరిగించే పదార్థమూ, టిఎన్ఎఫూ ఒకటేనని 1985లో బయటపడింది.

ఇప్పుడు రెండో అంచెను లేపాలి. ఆ పని డెండ్రైటిక్ కణాలది. వీటిని 1973లో న్యూయార్క్‌లో రాల్ఫ్ స్టీన్‌మన్ గుర్తించాడు. చాలా ఏళ్లు వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2011లో ఆయనకు నోబెల్ ప్రకటించేనాటికి ఆయన చనిపోయి మూడు రోజులైంది. కమిటీకి ఆ సంగతి తెలియదు. తెలిశాక కూడా బహుమతిని అలాగే ఉంచారు. డెండ్రైటిక్ కణం క్రిమి ముక్కలను తీసుకుని, ఊపిరితిత్తి వదిలి, దగ్గర్లోని లింఫ్ గ్రంథికి బయల్దేరుతుంది. టీబీలో ఈ ప్రయాణమే ఆలస్యం. ఎలుకల్లో క్రిమి ముక్కలు గ్రంథికి చేరి టి-కణాలు మేలుకోవడానికి వారం దాటుతుంది. మనుషుల్లో మాంటూ పాజిటివ్ కావడానికి, క్రిమి సోకాక 2 నుంచి 8 వారాలు పడుతుంది. ఆ వ్యవధి అంతా క్రిమికి కలిసొస్తుంది.

గ్రంథిలో డెండ్రైటిక్ కణం తన ఒంటి మీద క్రిమి ముక్కను పెట్టి చూపిస్తుంది. గురి కుదిరిన టి-కణం వచ్చి దాన్ని పట్టుకుంటుంది. అయినా అది కదలదు. బ్యాంకు లాకర్ మన తాళం చెవి ఒక్కదానితో తెరుచుకోదు, మేనేజర్ తాళం చెవి కూడా తిరగాలి కదా, అలాగే టి-కణానికి డెండ్రైటిక్ కణం పైనున్న బి7 అనే ప్రొటీన్ కూడా తగలాలి. నిజంగా ప్రమాదం ఆనవాలు తగిలితేనే డెండ్రైటిక్ కణం ఆ బి7ను బాగా పైకి తెస్తుంది. లేకపోతే మన సొంత కణాల ముక్కలను చూసినప్పుడల్లా టి-కణాలు తిరగబడేవి.

సరే, టి-కణం మేలుకుంది. ఏం చేయాలి? పేగుల్లో నులిపురుగు చేరినప్పుడు చేయాల్సిన పని వేరు, చర్మం మీద ఫంగస్ పెరిగితే చేయాల్సిన పని వేరు, కణం లోపల దాక్కున్న టీబీ క్రిమికి చేయాల్సిన పని వేరు. ఇది తేల్చే మూడో సంకేతమే సైటోకైన్. డెండ్రైటిక్ కణం ఐఎల్-12 పంపితే టి-కణం టిహెచ్1 అనే రకంగా మారి ఇంటర్‌ఫెరాన్ గామా తయారుచేస్తుంది. ఐఎల్-4 తగిలితే టిహెచ్2గా మారి నులిపురుగుల మీదికి, కొందరిలో అలర్జీ వైపుకీ పోతుంది. ఐఎల్-6 లాంటివి ఇంకో దారి పట్టిస్తాయి. ఒక్కసారి ఆగి ఆలోచిస్తే ఇందులో గొప్పదనం తెలుస్తుంది. టి-కణానికి క్రిమి ముక్క ఎలా ఉందో తెలుసు గానీ ఆ క్రిమి ఎలాంటిదో, ఎక్కడ దాక్కుందో తెలియదు. ఆ సమాచారం మొదటి అంచె దగ్గరే ఉంది. ఎవరిని కొట్టాలో ఆర్జిత రక్షణకు తెలుసు, ఎలా కొట్టాలో సహజ రక్షణ చెబుతోంది.

టిహెచ్1 కణాలు రక్తం ద్వారా మళ్లీ ఊపిరితిత్తికి వస్తాయి. క్రిమిని కడుపులో పెట్టుకుని ఏం చేయలేక కూర్చున్న మాక్రోఫేజ్ పక్కకు చేరి ఇంటర్‌ఫెరాన్ గామా వదులుతాయి. ఈ కబురు అందిన మాక్రోఫేజ్ మునుపటి కణం కాదు. విషపూరితమైన ఆక్సిజన్, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. క్రిమి ఆపి ఉంచిన ఆ రెండు సంచుల కలయిక మళ్లీ మొదలవుతుంది. మాక్రోఫేజ్‌ను ఇలా మార్చేది ఇంటర్‌ఫెరాన్ గామానేనని 1983లో కార్ల్ నాథన్ బృందం చూపించింది. ఇలా మారిన మాక్రోఫేజ్ తిరిగి ఐఎల్-12ను ఇంకా ఎక్కువగా పంపుతుంది. అది టి-కణాన్ని మరింత ఉసిగొల్పుతుంది. మొదటి అంచె రెండోదాన్ని లేపుతుంది, రెండోది మొదటిదానికి బలమిస్తుంది. హెచ్ఐవీ ఈ టి-కణాలనే తినేస్తుంది కాబట్టే మన దేశంలో హెచ్ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా బలితీసుకునేది టీబీ. అలాంటివాళ్లలో ఒక్కోసారి టీబీ ఉన్నా మాంటూలో ఏమీ తగలదు. క్రిమి ఉంది, కబురు పంపే కణం లేదు.

ఒక్క తీగ తెగిన పిల్లలు

ఇదంతా ప్రయోగశాల కథ కాదని చెప్పడానికి కొంతమంది పిల్లలున్నారు. పుట్టగానే బీసీజీ టీకా వేస్తారు. అందులో బతికున్న, బలహీనపరిచిన క్రిమి ఉంటుంది. ఎడమ భుజం మీద చిన్న పుండై మానిపోవడం మామూలే. కొందరికి చంకలో చిన్న బిళ్ల కట్టడం కూడా ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. కానీ అతి కొద్దిమంది పిల్లల్లో ఆ బలహీనమైన క్రిమే ఒళ్లంతా పాకి, ఎముకల్లోకి, కాలేయంలోకి చేరుతుంది. ఎందుకో చాలాకాలం తెలియలేదు. 1996లో మొదటి కారణం దొరికింది: ఆ పిల్లల్లో ఇంటర్‌ఫెరాన్ గామాను వినే రిసెప్టర్ లేదు. 1998లో ఇంకో కారణం: కొందరిలో ఐఎల్-12ను వినే రిసెప్టర్ లేదు.

ఈ పిల్లల జబ్బు పైకి ఒకేలా కనిపించినా చికిత్స వేరు. ఐఎల్-12 రిసెప్టర్ లేని పిల్లవాడి టి-కణానికి మొదటి కబురు చేరడం లేదు కాబట్టి ఇంటర్‌ఫెరాన్ గామా తగినంత తయారవడం లేదు. మాక్రోఫేజ్‌కు వినే శక్తి మాత్రం ఉంది. కాబట్టి ఇంటర్‌ఫెరాన్ గామాను బయటి నుంచి ఇంజెక్షన్‌గా ఇస్తే, యాంటీబయాటిక్స్‌తో పాటు అది పనిచేస్తుంది. ఇంటర్‌ఫెరాన్ గామా రిసెప్టర్ పూర్తిగా లేని పిల్లవాడికి ఎంత ఇంజెక్షన్ ఇచ్చినా వినేవాళ్లే లేరు. వాళ్లకు ఎముక మజ్జ మార్పిడే దిక్కు. ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఈ పిల్లల్లో చాలామంది జలుబు, ఫ్లూ లాంటి వైరస్‌లను అందరు పిల్లల్లాగే తట్టుకుంటారు. వాళ్లను గండంలో పడేసేవి టీబీ జాతి క్రిములు, సాల్మొనెల్లా లాంటి కొన్నే. "ఇమ్యూనిటీ తక్కువ" అన్న మాట ఈ పిల్లలకు ఎలా సరిపోతుంది? వాళ్లలో తెగింది ఒక్క తీగ.

ఎక్కువైతే ఏమవుతుంది

టీబీ సోకిన వాళ్లలో జీవితకాలంలో జబ్బుగా మారేది నూటికి 5 నుంచి 10 మందికే. మిగతావాళ్లలో ఊపిరితిత్తిలో ఒక చిన్న గడ్డలా, గ్రాన్యులోమాలా క్రిమి బందీ అయి ఉంటుంది. మధ్యలో క్రిములు, వాటి చుట్టూ మాక్రోఫేజ్‌లు, కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలు, వాటి చుట్టూ టి-కణాల వలయం. ఈ కట్టడం నిలబడాలంటే టిఎన్ఎఫ్ నిరంతరం ఉండాలి. ఇది మనుషుల్లో తెలిసొచ్చిన తీరు బాధాకరం. కీళ్లవాతం, పేగుపూతకు టిఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ 1990ల చివర్లో మార్కెట్లోకి వచ్చింది. వేళ్లు వంకరపోయి మంచానికి అతుక్కున్న ఎందరో దాంతో లేచి తిరిగారు. 2001 నాటికి, ఆ మందు తీసుకున్న వాళ్లలో టీబీ వచ్చిన 70 కేసులు అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ దృష్టికి వచ్చాయి. వాటిలో 40 కేసుల్లో టీబీ ఊపిరితిత్తులు దాటి వేరే అవయవాలకు పాకింది. ఎన్నో ఏళ్లుగా నిద్రపోతున్న క్రిమి, కాపలా సడలగానే బయటపడింది. ఇప్పుడు ఇలాంటి బయాలజిక్ మందులు మొదలుపెట్టే ముందు మాంటూ గానీ, రక్తంలో ఇంటర్‌ఫెరాన్ గామాను కొలిచే ఐగ్రా గానీ చేయించమని అడిగేది అందుకే. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే ఆ సంగతి రుమటాలజిస్టుకు తప్పకుండా చెప్పాలి.

అలా అని టిఎన్ఎఫ్ ఎంత ఉంటే అంత మంచిదా అంటే, అదీ కాదు. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే లలితా రామకృష్ణన్ బృందం జీబ్రా చేప పిల్లల్లో దీన్ని కళ్లారా చూసింది. ఆ పిల్లలు పారదర్శకంగా ఉంటాయి కాబట్టి లోపల ఏ మాక్రోఫేజ్ ఏం చేస్తోందో మైక్రోస్కోప్ కింద బతికుండగానే చూడొచ్చు. టీబీకి దగ్గరి బంధువైన క్రిమిని ఎక్కించి చూస్తే, టిఎన్ఎఫ్ తక్కువైనప్పుడు క్రిమి మాక్రోఫేజ్‌లో నిండిపోయి దాన్ని పగలగొట్టింది. మరీ ఎక్కువైనప్పుడు మాక్రోఫేజ్‌లు మొదట క్రిమిని బాగానే చంపినా, ఆ వెంటనే అవే కుళ్లి చచ్చిపోయి, మిగిలిన క్రిములను బయటికి వదిలేశాయి. బయటపడ్డ క్రిమి అక్కడ అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది. తక్కువైనా ఎక్కువైనా గెలిచింది క్రిమే. ఎలుకల్లోనూ ఇలాంటిదే కనిపించింది. టి-కణానికి బ్రేకు వేసే పిడి-1 అనే ప్రొటీన్ లేని ఎలుకలకు టీబీని బాగా తట్టుకునే శక్తి ఉండాలి కదా. అవి మామూలు ఎలుకల కన్నా ముందే చచ్చిపోయాయి.

మెదడుకు టీబీ వచ్చిన రోగికి టీబీ మందులతో పాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ఇమ్యూనిటీని తగ్గించే మందును ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి ఇస్తారా అని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. ఆ కంగారు అర్థం చేసుకోదగిందే. కానీ పుర్రె లోపల వాపుకు చోటు లేదు. అక్కడ క్రిమి చేసే నష్టానికి తోడు దాని మీద విరుచుకుపడే సైటోకైన్ల వాపు కూడా ప్రాణం తీస్తుంది. క్రిమి సంగతి యాంటీబయాటిక్ చూసుకుంటుంటే స్టెరాయిడ్ ఆ వాపును అదుపులో పెడుతుంది. వియత్నాంలో చేసిన ట్రయల్‌లో ఇలా మరణాలు తగ్గాయని 2004లో తేలింది.

టీబీ క్రిమికి దాయాది కుష్ఠు క్రిమి. ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. ఒకరికి ఒంటి మీద ఒకటి రెండు స్పర్శ లేని మచ్చలు, వాటిలో వెతికినా క్రిమి దొరకదు. ఇంకొకరికి ముఖం, చెవి తమ్మెలు దళసరిగా మారి, చర్మం నిండా క్రిములే. రెండు వేర్వేరు జబ్బులనుకునేంత తేడా, క్రిమి మాత్రం ఒకటే. 1991లో ఆ మచ్చల్లోంచి ముక్కలు తీసి చూస్తే, మొదటివాళ్లలో ఇంటర్‌ఫెరాన్ గామా, ఐఎల్-2 కబుర్లు, రెండోవాళ్లలో ఐఎల్-4, దాడికి బ్రేకు వేసే ఐఎల్-10 కబుర్లు ఎక్కువగా కనిపించాయి. రెండోవాళ్ల రక్తంలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి, కానీ కణం లోపల దాక్కున్న క్రిమిని అవేం చేయలేవు. మొదటివాళ్లూ పూర్తిగా క్షేమం కాదు. క్రిమి మీద జరిగే దాడిలోనే నరం దెబ్బతింటుంది.

కరోనాలో తారుమారైంది సమయం

వైరస్ కణంలో చేరిన తొలి గంటల్లోనే టైప్-1 ఇంటర్‌ఫెరాన్ (గామా కాదు, వైరస్‌ను అడ్డుకునే ఇంకో రకం) కబురు వెళ్లాలి. పక్క కణాలు తలుపులు బిగించుకోవాలి. కరోనా వైరస్ ఈ కబురును తొక్కిపెట్టడంలో ఆరితేరింది. 2020లో తీవ్రమైన న్యుమోనియాతో ప్రాణాపాయంలో ఉన్న 987 మంది రోగులను పరీక్షిస్తే, 101 మందిలో తమ సొంత టైప్-1 ఇంటర్‌ఫెరాన్‌నే పట్టుకుని పనిచేయనివ్వని యాంటీబాడీలు దొరికాయి. వారిలో 95 మంది మగవాళ్లు. తొలి కబురు దారిలోనే ఆగిపోయిన మనుషులు వాళ్లు. వైరస్ పెరిగిపోయాక ఆలస్యంగా వచ్చిన ఐఎల్-6, టిఎన్ఎఫ్ ఊపిరితిత్తిని ముంచేశాయి.

అందుకే డెక్సామెథాసోన్ కథ అంత విచిత్రంగా కనిపిస్తుంది. 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ ఫలితాల ప్రకారం వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరమైన వాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలేమీ జరగలేదు. ఒకటే మందు, ఒకటే మోతాదు. ముందుగా ఇస్తే వైరస్‌తో పోరాడుతున్న కబురును ఆపినట్టు, తర్వాత ఇస్తే అదుపు తప్పిన కబురును ఆపినట్టు. 2021 వేసవిలో మన దగ్గర చాలామంది పాజిటివ్ రిపోర్టు చేతికి రాగానే స్టెరాయిడ్ మొదలుపెట్టేశారు. షుగర్ ఉన్నవాళ్లలో అది పెరిగిపోయింది. ఆ పైన బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. కళ్లు, దవడలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ప్రాణం నిలబెట్టే మందు వేళ తప్పితే ఎంత ఖరీదు కట్టాల్సి వస్తుందో అంతకన్నా చెప్పేదేముంది?

టైప్-1 ఇంటర్‌ఫెరాన్ గురించి ఇంకో మాట. వైరస్ మీద మనల్ని కాపాడే ఈ కబురే టీబీ రోగుల రక్తంలో జబ్బు ముదిరినప్పుడు బాగా ఎక్కువగా కనిపిస్తుందని 2010లో తేలింది. టీబీలో అది సాయం చేయకపోగా ఇంటర్‌ఫెరాన్ గామా పనికి అడ్డుపడుతున్నట్టు తర్వాతి ప్రయోగాలు చూపిస్తున్నాయి. మంచి సైటోకైన్, చెడ్డ సైటోకైన్ అని జాబితా రాసుకునే ప్రయత్నం ఇక్కడ బోల్తా పడుతుంది.

టీకా ఏం చెప్పాలి

ఇమ్యూనిటీ బూస్టర్ పేరుతో అమ్మేవాటి మీద నాకున్న అభ్యంతరం ఇక్కడే. దేన్ని పెంచుతారు? ఐఎల్-12నా, ఐఎల్-10నా? ఎక్కడ? ఎప్పటిదాకా? సరిగ్గా తినడం, షుగర్‌ను అదుపులో ఉంచడం, పొగ మానేయడం టీబీ ముప్పును నిజంగానే తగ్గిస్తాయి; పోషకాహార లోపం మన దేశంలో టీబీకి అతిపెద్ద కారణాల్లో ఒకటి. ఒక డబ్బా పొడి ఆ పని చేయదు.

ఎక్కువైతే మంచిదన్న ఊహకు శాస్త్రవేత్తలు కూడా లోబడ్డారు. ఎంవీఏ85ఏ అనే టీబీ టీకా ఇంటర్‌ఫెరాన్ గామా తయారుచేసే టి-కణాలను పెంచింది. దక్షిణాఫ్రికాలో సుమారు 2,800 మంది పసిపిల్లలకు ఇచ్చి చూశారు. 2013లో ఫలితం వచ్చింది: బీసీజీ ఒక్కటే వేయించుకున్న పిల్లల కన్నా ఏమంత మెరుగైన రక్షణ లేదు. అవసరమైనది లేకపోతే జబ్బు తప్పదు, అదే ఉన్నంత మాత్రాన రక్షణ వస్తుందని లేదు. బీసీజీ విషయంలోనూ మనకు ఇలాంటి అనుభవమే ఉంది. 1950లలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం కేంద్రంగా ఫ్రిమోట్-మోలర్ చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీని పరీక్షించాడు. తర్వాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో లక్షల మందితో మొదలైన ట్రయల్, పెద్దల్లో ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేదని తేల్చింది. పసిపిల్లలకు మెదడు టీబీ లాంటి ప్రమాదకర రూపాల నుంచి అది రక్షణ ఇస్తుంది కాబట్టి పుట్టగానే వేయించడం మానకూడదు.

శుద్ధి చేసిన ప్రొటీన్ ఒక్కటే ఎక్కిస్తే సాధారణంగా టీకా పనిచేయదు. ఏదో ఒక అడ్జువెంట్, అంటే స్పందనను లేపే పదార్థం కలపాలి. ఎందుకో తెలియకుండానే దశాబ్దాలపాటు అల్యూమినియం లవణాలో, చచ్చిన బ్యాక్టీరియానో కలిపేవారు. 1989లో చార్లెస్ జేన్‌వే దీనికి కారణం ఊహించాడు: క్రిమి ఆనవాళ్లను పట్టే రిసెప్టర్లు సహజ రక్షణలో ఉండాలి, అవి ఔనంటేనే ఆర్జిత రక్షణ కదులుతుంది, అడ్జువెంట్ వాటినే తట్టి లేపుతోంది. అప్పటికి అలాంటి రిసెప్టర్ ఒక్కటీ చేతికి దొరకలేదు. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం ఈగల్లో టోల్ అనే జన్యువు ఫంగస్ నుంచి కాపాడుతోందని చూపింది. 1998లో బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో దాని సోదరిని, బ్యాక్టీరియా ఆనవాలును పట్టే టిఎల్ఆర్4 అనే రిసెప్టర్‌ను పట్టుకున్నాడు.

ఆ ఊహ ఇప్పుడు మన భుజాల్లోకి ఎక్కింది. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌లో చచ్చిన వైరస్‌తో పాటు టిఎల్ఆర్7, టిఎల్ఆర్8లను తట్టే పదార్థం కలిపారు, స్పందన టిహెచ్1 వైపు మళ్లాలని. అదే ఊళ్లో తయారైన కార్బెవ్యాక్స్‌లో టిఎల్ఆర్9ను తట్టే సీపీజీ డీఎన్‌ఏ ఉంది.

టీబీకి ఇప్పుడు అందరి కళ్లూ ఎం72 అనే కొత్త టీకా మీదున్నాయి. ఇందులో టీబీ క్రిమికి చెందినవి రెండే రెండు ప్రొటీన్లు, కలిపి ఒక్కటిగా చేసినవి. దానికి జోడించిన అడ్జువెంట్ ఏఎస్01లో ఒక భాగం సాల్మొనెల్లా గోడ నుంచి తీసి విషం తగ్గించినది, ఇది టిఎల్ఆర్4ను తడుతుంది. ఇంకోటి చిలీలో పెరిగే చెట్టు బెరడు నుంచి తీసినది. ఐగ్రా పాజిటివ్‌గా ఉన్న పెద్దలకు, అంటే క్రిమి ఇప్పటికే సోకినా జబ్బు పడనివాళ్లకు, కెన్యా, జాంబియా, దక్షిణాఫ్రికాల్లో ఇస్తే మూడేళ్లలో జబ్బు దాదాపు సగానికి తగ్గింది. చెంగల్పట్టులో నిరాశ ఎదురైంది పెద్దల ఊపిరితిత్తుల టీబీలోనే. 2024లో మూడో దశ మొదలైంది. ఆఫ్రికా దేశాల్లో, ఇండొనేసియాలో సుమారు 20 వేల మందితో, హెచ్ఐవీ ఉన్నవాళ్లను కూడా కలుపుకుని అది నడుస్తోంది. టి-కణాలే తక్కువగా ఉన్న మనుషుల్లో ఈ కబురు ఎంతవరకు పనిచేస్తుందో చెప్పేది ఆ ట్రయలే.